షాపులో రెండడుగులు, ఇంట్లో తొమ్మిదడుగులు

అల్ట్రా హెచ్‌డీ టీవీలు షాపుల్లోకి వచ్చిన తొలిరోజుల గురించి చేసిన ప్రసంగం ఇది. రాలేకపోయినవారి కోసం రికార్డింగు విని టైపు చేశాం. తడబాట్లు తప్ప ఏమీ తీసెయ్యలేదు.

అందరికీ నమస్కారం. వెనకాల కూర్చున్నవాళ్లకి వినపడుతోందా? వినపడనివాళ్లు చెయ్యెత్తండి. ఎవరూ ఎత్తలేదు. వినపడనివాళ్లు ఎలా ఎత్తుతారు లెండి, ఆ సంగతి నాకిప్పుడు తట్టింది.

నన్ను పరిచయం చేస్తూ టీవీ నిపుణుడు అన్నారు. అంత లేదండీ. నేను టీవీలు బాగుచేసేవాణ్ణి. పిక్చర్ ట్యూబుల రోజుల్లో మొదలెట్టాను. ట్యూబులు పోయాక ఇళ్లకి వెళ్లి కొత్త సెట్లు గోడకి బిగించే పనిలో పడ్డాను. మధ్యలో కొన్నాళ్లు ఒక షోరూములో నిలబడి డెమో చూపించాను. కాబట్టి ఒకే రకం సెట్టుని రెండు చోట్లా చూశాను. షాపులో చూశాను, అది చేరిన ఇంట్లోనూ చూశాను. ఆ రెండు చోట్లా చూసినవాళ్లు తక్కువమందే ఉంటారు. అమ్మేవాడు ఇంటికి రాడు, కొన్నాయన మళ్లీ షాపుకి పోడు. ఇవాళ నా దగ్గర చెప్పడానికి ఉన్నదల్లా ఆ రెండు చోట్ల మధ్య తేడా గురించే.

సరే. 2012. ఆ ఏడాది ఎల్జీ, సోనీ 84 అంగుళాల సెట్లు అమ్మకానికి పెట్టాయి. ఖరీదు కొత్త కారంత. ఇళ్లలో అప్పటికి ఉన్నవి ఫుల్ హెచ్‌డీ సెట్లు. టీవీ బొమ్మంతా సన్నటి చుక్కలతో కూర్చినదే కదా, ఫుల్ హెచ్‌డీ అంటే అడ్డంగా 1920 చుక్కలు, నిలువుగా 1080. కొత్త సెట్టులో అడ్డంగా 3840, నిలువుగా 2160. అటు రెట్టింపు, ఇటు రెట్టింపు, మొత్తం మీద నాలుగు రెట్లు. 20,73,600 చుక్కలు ఉండే చోట 82,94,400.

పేరు దగ్గరే గొడవ మొదలైంది. అంతవరకూ 720 అన్నా, 1080 అన్నా, ఎత్తు చెప్పేవాళ్లు. ఇప్పుడు ఉన్నట్టుండి వెడల్పు చెప్పడం మొదలెట్టి 4కె అన్నారు. పోనీ నాలుగు వేలు ఉన్నాయా అంటే అవీ లేవు, 3840. అసలు 4కె అనే మాట సినిమా హాళ్లది, అక్కడ 4096. 2012 అక్టోబరులో అమెరికాలో ఎలక్ట్రానిక్స్ కంపెనీల సంఘం కూర్చుని దీనికి అల్ట్రా హై డెఫినిషన్ అని పేరు ఖాయం చేసింది. సోనీ వాళ్లు వెంటనే, కాదు, మేం 4కె అల్ట్రా హెచ్‌డీ అనే అంటాం అన్నారు. షాపులోకి వచ్చినాయనకి ఏం అర్థమవుతుంది చెప్పండి? నన్ను ఒకాయన సూటిగా అడిగాడు, "నాలుగు అంటే ఏం నాలుగయ్యా? నాలుగు ఛానళ్లు ఒకేసారి వస్తాయా?" అని. నవ్వకండి. ఆ పేరు విని ఆ ప్రశ్న అడగడం న్యాయమే.

షాపులో జనం ఎలా చూసేవాళ్లో చెప్తాను. నాకు బాగా గుర్తు. ముందు నడుస్తూ నడుస్తూ ఆగుతారు. తర్వాత రెండడుగులు దగ్గరికొస్తారు. ఇంకో అడుగు వేస్తారు. కళ్లజోడు ఉన్నాయన కళ్లజోడు నుదుటి మీదకి తోసి, ముక్కు తెరకి తగిలేంత దగ్గరికి వెళ్లి చూస్తాడు. "చుక్కలు కనపడట్లేదే!" అంటాడు. తర్వాత వేలు పెడతాడు. తప్పకుండా పెడతాడు. "సార్, తాకొద్దండీ" అని నేను. సాయంత్రం కట్టేసే ముందు మెత్తటి గుడ్డతో ఆ వేలిముద్రలు తుడిచే డ్యూటీ కూడా నాదే. ఆ ముద్రలు ఎప్పుడూ ఒక్క చోటే ఉండేవి. తెర మధ్యకి కాస్త కింద. అక్కడేముందీ అంటే, డెమో వీడియోలో చిలక రెక్క విప్పే చోటు అది. రెక్కలో ఈకలు, ఒక్కో ఈకలో సన్నటి పోగులు విడివిడిగా కనిపిస్తాయి. అందరూ ఆ ఈకనే తాకబోయేవాళ్లు.

ఆ వీడియో ఎప్పుడైనా శ్రద్ధగా చూశారా? చిలక, తేనె ధార, పువ్వు విచ్చుకోవడం, రాత్రిపూట పైనుంచి తీసిన నగరం. అన్నీ నెమ్మదిగా కదులుతాయి. ఎందుకంటారు? అందం కోసమే అనుకుంటాం. ఎల్‌సీడీ తెర ఒక బొమ్మని పట్టుకుని తర్వాతి బొమ్మ వచ్చేదాకా అలాగే ఉంచుతుంది. మన కన్ను మాత్రం కదిలే వస్తువు వెంట ఆగకుండా జరుగుతూ ఉంటుంది. అందుకని వస్తువు వేగంగా పోతే అంచులు అలుక్కుపోయినట్టు కనిపిస్తాయి. అప్పుడు 80 లక్షల చుక్కలున్నా 20 లక్షలున్నా పెద్ద తేడా తెలీదు. వేగంగా పరిగెత్తే గుర్రాన్ని చూపిస్తే కొత్త టీవీ గొప్ప సగం పోతుంది. అందుకే తేనె. తేనెకి తొందర లేదు కదా.

ఇంకో మాట కూడా చెప్పాలి, ఆ పాపంలో నాకూ వాటా ఉంది. ఆ వీడియో పెన్‌డ్రైవ్ లోంచి నేరుగా నడుస్తుంది, పెద్దగా పిండి కుదించినది కాదు. పక్కన పెట్టిన ఫుల్ హెచ్‌డీ సెట్టుకి మాత్రం ఒకే వైరుని పది సెట్లకి పంచి ఇచ్చిన సిగ్నల్. రంగులు కూడా కొత్తదానికి గట్టిగా పెంచి పెట్టేవాళ్లం. షాపులో పైన ట్యూబులైట్ల వెలుగు ఎక్కువ, ఆ వెలుగులో మామూలు రంగులు వెలిసిపోయినట్టుంటాయి. ఎవరైనా తెలివైనాయన వచ్చి "ఆ చిలక సరే, ఒకసారి వార్తలు పెట్టవయ్యా" అంటే "కేబుల్ కనెక్షను ఇంకా రాలేదండీ" అనేవాళ్లం. వచ్చింది. పెట్టొద్దని పైనుంచి మాట.

ఆ రోజుల్లో వచ్చినవాళ్లందరూ ముగ్ధులయ్యారని అనుకోకండి. నోరెళ్లబెట్టి చూసినవాళ్లు కొందరైతే, "మళ్లీ ఒకటా!" అని నిట్టూర్చినవాళ్లు అంతకంటే ఎక్కువ. వాళ్లకి కారణం ఉంది. అంతకు రెండేళ్ల ముందే, 2010లో, త్రీడీ టీవీలు వచ్చాయి. ఇక భవిష్యత్తంతా ఇదే అన్నారు. కళ్లద్దాలు కొనిపించారు. వాటికి మళ్లీ ఛార్జింగు. ఇంట్లో నలుగురుంటే నాలుగు జతలు. ఆ కళ్లద్దాలు అల్మారాలో బట్టల అడుగుకి చేరేలోగా ఇంకో భవిష్యత్తు వచ్చేసింది. 2017కల్లా పెద్ద కంపెనీలన్నీ త్రీడీ సెట్లు మానేశాయి కూడా. అలా ఒకసారి దెబ్బతిన్న మనిషి రెండోసారి అనుమానంగా చూడడా? మా మీటింగుల్లో మాత్రం "జనానికి ఇంకా అవగాహన రాలేదు" అనేవాళ్లు. నేనూ తలూపేవాణ్ణి. ఇప్పుడు ఆలోచిస్తే, జనం అడిగిన ప్రశ్నలు చాలా తిన్నగా ఉన్నాయి. జవాబులు మా దగ్గర లేవు.

ఏం అడిగారు? ఎక్కువగా అడిగింది ఇది: "ఇందులో చూడ్డానికి ఏముంది?" ఏమీ లేదండీ! ఆలూ లేదు చూలూ లేదు, కొడుకు పేరు సోమలింగం అన్నట్టు, 4కెలో ప్రసారాలు లేవు, డిస్కులు లేవు. 2013లో సోనీ వాళ్లు పది సినిమాలు నింపిన ఒక ప్లేయర్ పెట్టె తెచ్చారు, సెట్టు కొన్నాయన కనీసం ఆ పదైనా చూసుకుంటాడని. నెట్‌ఫ్లిక్స్‌లో 4కె వచ్చింది 2014లో. 4కె బ్లూరే డిస్కులు వచ్చింది 2016లో. అంటే 2012లో కొన్న మహానుభావుడు నాలుగేళ్లు ఆగితే గానీ డిస్కు చేతికి రాలేదు. ఆ డిస్కుల్లో కూడా ఒక తమాషా ఉంది. చాలా సినిమాలకి ఎడిటింగు, గ్రాఫిక్స్ పని 2కెలోనే పూర్తి చేసేవాళ్లు. అంటే అడ్డంగా 2048 చుక్కలు. దాన్నే పెద్దది చేసి 4కె డిస్కు మీదకి ఎక్కించారు. అట్ట మీద 4కె, లోపల పని 2కె.

నెట్‌లో వచ్చే 4కె సంగతి చూడండి. ఒక చిన్న లెక్క చెప్తాను, భయపడకండి. సినిమా అంటే సెకనుకి 24 బొమ్మలు. ఒక్కో చుక్క రంగు చెప్పడానికి 24 బిట్లు, అంటే 24 సున్నాలూ ఒకట్లూ, చొప్పున లెక్కేస్తే, 4కె సినిమా సెకనుకి సుమారు 478 కోట్ల బిట్లు. ఇప్పుడు నెట్‌ఫ్లిక్స్ వాళ్లు 4కెకి మీ లైను ఎంత స్పీడు ఉండాలంటారు? సెకనుకి 15 మెగాబిట్లు. అంటే కోటిన్నర. 478 కోట్లు ఎక్కడ, కోటిన్నర ఎక్కడ! మూడొందల వంతుల్లో ఒక వంతుకి కుదించి పంపుతున్నారు. 2013లో వచ్చిన హెచ్ఈవీసీ అనే కుదింపు పద్ధతి లేకపోతే ఆ మాత్రం కూడా కుదిరేది కాదు. కుదింపు అనేది గొప్ప విద్య, నేను తక్కువ చెయ్యట్లేదు. కానీ పిండినప్పుడు ముందు పోయేవి సన్నటి వివరాలే. గడ్డి పోచలు, జుట్టు, పొగ, నీటి మీద తళుకు. అంటే, మనం ఏ ఈక పోగు చూసి డబ్బులిచ్చామో అదే ముందు పోతుంది.

ఇంకో ప్రశ్న అడిగేవాళ్లు: "రేపు ఇంకోటి వస్తే ఇది పాతదైపోదా?" మేం గట్టిగా "అవదండీ, ఇది పదేళ్లకి పనికొస్తుంది" అనేవాళ్లం. అయింది! ఏడాదిలోనే అయింది. మొదటి సెట్లకి వెనక ప్లేయరు వైరు తగిలించే హెచ్‌డీఎంఐ సాకెట్టు 1.4 రకం. దాని గుండా 4కె బొమ్మ సెకనుకి 30కి మించి పోదు. ఆట చూడాలంటే 60 కావాలి. 60 పంపే 2.0 రకం 2013 సెప్టెంబరులో వచ్చింది. పైగా సినిమా కంపెనీలు దొంగ కాపీలు తియ్యకుండా కొత్త తాళం పెట్టాయి, హెచ్‌డీసీపీ 2.2 అని. ఆ తాళంచెవి లేని సెట్టుకి కొత్త ప్లేయరు తగిలిస్తే 4కె రాదు, మామూలు హెచ్‌డీకి దిగిపోతుంది, లేకపోతే తెర నల్లగా ఉండిపోతుంది. ఇళ్లకి వెళ్లి ఆ నల్ల తెర ముందు నిలబడి సమాధానం చెప్పుకున్నవాణ్ణి నేను. "టీవీ పాడైందా?" అంటారు. పాడవలేదు. "మరి?" అంటారు. ఏం చెప్తాను?

ఇక అసలు ప్రశ్న. దీన్ని ఎక్కువగా ఆడవాళ్లు అడిగేవాళ్లు, నాకు ఆశ్చర్యంగా ఉండేది. ఆయన ముక్కు తెరకి ఆనించి చూస్తుంటే, ఆవిడ వెనక్కి వెనక్కి నడిచి, ఎదర ఫ్రిజ్‌ల వరుస దాకా వెళ్లి అక్కణ్ణించి చూసేది. చూసి, "ఇక్కణ్ణించి రెండూ ఒకలాగే ఉన్నాయి కదండీ?" అనేది. ఒకరు కాదు, చాలామంది అన్నారు. మేం నవ్వేసేవాళ్లం.

ఇప్పుడు మీరందరూ ఒక పని చెయ్యండి. కుడిచెయ్యి ముందుకి బారుగా చాచండి. పక్కవాళ్లకి తగలకుండా. చిటికెన వేలు పైకెత్తండి. ఇంత పెద్దవాళ్లం ఇదేమిటనుకోకండి, ఎవరూ చూడట్లేదు. ఒక కన్ను మూసి ఆ వేలి గోరు చూడండి. ఆ గోరు వెడల్పు మీ కంటికి సుమారు ఒక డిగ్రీ. ఇప్పుడు దాన్ని నిలువుగా 60 చారలు కోశారనుకోండి. కళ్ల డాక్టరు "చూపు బాగుంది, 6/6" అన్న మనిషికి ఆ 60 చారలు విడివిడిగా తెలుస్తాయి. అంతకంటే సన్నంగా కోస్తే కలిసిపోయి ఒకే రంగులా కనిపిస్తాయి. డాక్టర్ల పాత లెక్క ఇది. చేతులు దించండి, నొప్పెడతాయి.

ఇప్పుడు 55 అంగుళాల సెట్టు తీసుకుందాం. దాని వెడల్పు 122 సెంటీమీటర్లు. ఫుల్ హెచ్‌డీలో ఆ వెడల్పుని 1920 ముక్కలు చేశారు కదా, ఒక్కో చుక్క 0.63 మిల్లీమీటరు. ఆ చుక్క మన గోటి మీది చారంత సన్నం అవ్వాలంటే ఎంత దూరం వెళ్లాలి? ఏడడుగులు. అంటే ఏడడుగులు దాటి కూర్చుంటే, ఈ లెక్క ప్రకారం ఫుల్ హెచ్‌డీ చుక్కలే విడిగా కనిపించవు. కనిపించని చుక్కని మళ్లీ నాలుగు ముక్కలు చేసి ఎవరికి చూపిస్తాం? 4కె తేడా పూర్తిగా అందాలంటే మూడున్నర అడుగుల్లో కూర్చోవాలి. చెయ్యి చాస్తే అందేంత దూరంలో!

నేను సెట్టు బిగించిన ప్రతి ఇంట్లోనూ టేపు పెట్టి కొలిచేవాణ్ణి, ఎత్తు సరిచూడటానికి. కూర్చునే చోటు నుంచి గోడకి ఎనిమిది, తొమ్మిది, పది. తొమ్మిదే ఎక్కువ. షాపులో నిలబడేది రెండడుగుల్లో. రెండడుగుల్లో ఫుల్ హెచ్‌డీ చుక్క గీతలు గీతలుగా కనిపిస్తుంది, 4కె దానికంటే నున్నగా ఉంటుంది. కాబట్టి షాపులో మనం చూసిన తేడా అబద్ధం కాదు. నిజమైన తేడానే. ఆ దూరాన్ని మాత్రం ఇంటికి తెచ్చుకోలేం.

అందుకే మొదటి సెట్లు 84 అంగుళాలు వచ్చాయి. అంత తెర మీద ఫుల్ హెచ్‌డీ చుక్క దాదాపు ఒక మిల్లీమీటరు. పదకొండు అడుగుల దాకా విడిగా తెలుస్తుంది. అక్కడ 4కెకి అర్థం ఉంది. ఇంజనీర్లు తెలిసే చేశారు. తర్వాత అమ్మకాల వాళ్లు దాన్ని 40 అంగుళాలకి దించారు. 40 అంగుళాల ఫుల్ హెచ్‌డీ సెట్టు చుక్కలు అయిదడుగులు దాటితే కలిసిపోతాయి. దానికి 4కె ఎందుకంటే, స్టిక్కరు కోసం. నేనే అమ్మాను, కాబట్టి నేనే అంటున్నాను.

ఇందులో నేను ఒక దిద్దుబాటు చెప్పాలి. నేను చాలాకాలం ఈ ఏడడుగుల లెక్క వేదంలా చెప్పుకుంటూ తిరిగాను. 2025లో కేంబ్రిడ్జ్ యూనివర్సిటీ వాళ్లు మెటా కంపెనీతో కలిసి చేసిన పరిశోధన ఒకటి వచ్చింది. మనుషుల్ని కూర్చోబెట్టి, తెరని ముందుకీ వెనక్కీ జరుపుతూ కొలిచారు. డిగ్రీకి 60 కాదు, నలుపు తెలుపు బొమ్మల్లో 94 దాకా కన్ను పట్టగలదని తేలింది. రంగుల విషయంలో అంత లేదు. పసుపు, ఊదా మధ్య అయితే 53 మాత్రమే. ఈ 94తో మళ్లీ లెక్కేస్తే 55 అంగుళాల ఫుల్ హెచ్‌డీ సెట్టుకి ఏడడుగులు కాస్తా పదకొండయింది. అంటే తొమ్మిదడుగుల్లో కూర్చున్న చూపు చురుకైన కుర్రాడికి 4కె తేడా కాస్త తెలుస్తుంది. నేను తెలీదన్నాను, తప్పు. తెలిసేది ఆ కాస్తే. వాళ్లే ఇంకో ఉదాహరణ ఇచ్చారు. 44 అంగుళాల సెట్టుని రెండున్నర మీటర్ల దూరం నుంచి చూస్తే, నిలువుగా 1440 చుక్కలున్న తెర చాలు, 4కె అయినా, దానికి నాలుగు రెట్లు చుక్కలుండే 8కె అయినా, అంతకు మించి కన్ను ఏమీ పొందదని.

మరి షాపులో "అబ్బా" అన్నవాళ్లందరూ భ్రమపడ్డారా? ఇక్కడ నాకో అభిప్రాయం ఉంది, ఒప్పుకోనివాళ్లు తర్వాత పోట్లాడండి. జనం దూరం నుంచే, దాటిపోతూ పోతూ ఆగేవాళ్లు అన్నాను కదా. పాతికడుగుల అవతల నుంచి ఈక పోగు కనిపించి ఆగలేదుగా! వెలుగు చూసి ఆగారు. రంగు చూసి ఆగారు. దగ్గరికొచ్చాక చుక్కలు లెక్కపెట్టారు, ఎందుకంటే అట్ట మీద చుక్కల సంఖ్యే ఉంది కాబట్టి. అయిదారేళ్ల తర్వాత హెచ్‌డీఆర్ అనేది సెట్లలోకి బాగా వచ్చింది. నల్లటి చోటు నల్లగా ఉంటూనే పక్కన దీపం దీపంలా వెలగడం. ఒక్కో రంగుకి పాత పద్ధతిలో 256 మెట్లు ఉంటే ఇందులో 1024. సాయంకాలం ఆకాశం పాత టీవీలో పట్టీలు పట్టీలుగా కనిపించేది గుర్తుందా? అది పోయింది. ఈ తేడా తొమ్మిదడుగుల్లోనూ తెలుస్తుంది, పదిహేనులోనూ తెలుస్తుంది, కళ్లజోడు మర్చిపోయినా తెలుస్తుంది. కానీ హెచ్‌డీఆర్ అనే మాటని అమ్మడం కష్టం. 4కె అనేది అంకె. అంకె పలకడం తేలిక.

ఒక పెద్దాయన సంగతి చెప్తాను. రిటైరయిన మనిషి. షాపులో చిలకని చూసి మనసు పారేసుకుని కొన్నాడు. బిగించడానికి నేనే వెళ్లాను. అప్పటికి ఆ ఇంటికి వచ్చే ప్రసారం మామూలు పాత రకం. 720 చుక్కలు అడ్డం, 576 నిలువు. మొత్తం 4,14,720. కాగితం మీద భాగహారం చేసుకోండి, 4కె తెరలో సరిగ్గా ఇరవయ్యో వంతు. అంటే ఆయన చూసే ప్రతి ఇరవై చుక్కల్లో ఒకటి ప్రసారం చేసినవాడు పంపింది, పంతొమ్మిది టీవీ ఊహించి నింపింది. పెద్దాయన కుర్చీ అవతలి గోడకి జరుపుకుని కూర్చున్నాడు. వార్తలు పెట్టాను. వార్తలు చదివే అమ్మాయి మొహం మైనం బొమ్మలా నున్నగా ఉంది. కింద పరిగెత్తే అక్షరాల చుట్టూ దోమలు ముసిరినట్టు సన్నటి చుక్కలు. ఆయన కాసేపు చూశాడు. తల అటు వంచాడు, ఇటు వంచాడు. ఆఖరికి నా వైపు తిరిగి, "చిలకేదయ్యా?" అన్నాడు.

ఏం చెప్పను? జేబులో డెమో పెన్‌డ్రైవ్ ఉంది. ఇచ్చేసి వచ్చాను.

ఇంకో రకం గోల కూడా ఉండేది, చెప్పకపోతే బాగుండదు. "సినిమా సీరియల్లా కనిపిస్తోంది" అనేవాళ్లు. ఫోన్లు వచ్చేవి నాకు. సినిమా సెకనుకి 24 బొమ్మలు కదా, టీవీ తన తెలివి ఉపయోగించి మధ్య మధ్యలో కొత్త బొమ్మలు తయారుచేసి దూరుస్తుంది. కదలిక నున్నగా జారిపోతుంది. చూసేవాళ్లకి పెద్ద హీరో స్టూడియోలో నాటకం ఆడుతున్నట్టుంటుంది. ఏం తప్పుందో చెప్పలేరు, ఏదో తేడాగా ఉందంటారు. 2018 డిసెంబరులో టామ్ క్రూజ్ అంతటివాడు, పక్కన దర్శకుడు మెక్వారీని నిలబెట్టుకుని, ఇళ్లల్లో టీవీలకి ఈ సెట్టింగు తీసెయ్యండి మహాప్రభో అని వీడియో పెట్టాడు. మర్నాడు మా కస్టమరు ఒకాయన ఫోన్ చేసి, "నువ్వు చెప్తే నమ్మలేదయ్యా, ఆయన చెప్పాడు" అన్నాడు. మరుసటి ఏడు కంపెనీలు కలిసి ఫిల్మ్‌మేకర్ మోడ్ అని ఒకటి పెట్టాయి. ఒక్క బటన్‌తో ఆ నునుపు తనం పోతుంది. జనం విసుక్కుంటే కంపెనీలు విన్న సందర్భం ఇదొకటి ఉంది.

8కె గురించి రెండు మాటలు, టైమవుతోందని ఇందాకట్నుంచీ సైగ చేస్తున్నారు. 3,31,77,600 చుక్కలు. జపాన్‌లో ఎన్‌హెచ్‌కే అనే టీవీ సంస్థ వాళ్లు ఎన్నో ఏళ్లు కష్టపడి చేశారు. 2012 లండన్ ఒలింపిక్స్‌ని పెద్ద పెద్ద తెరల మీద అందులో చూపించారు, 2018 డిసెంబరు 1న ఏకంగా ఛానలే మొదలెట్టారు. హాలంత తెర ముందు కూర్చుంటే అది వేరే అనుభవం, కాదనను. షాపులోకి వచ్చిన 8కె సెట్టు ముందు మాత్రం జనం ఆగలేదండీ. ఆగినవాళ్లు కూడా "4కె కదా ఇది?" అని వెళ్లిపోయారు. ఈసారి వేలిముద్రలు తుడిచే పని పెద్దగా ఉండి ఉండదు.

ప్రశ్నలు అడగమన్నారు. ఒకటి రెండు. ఆ, నీలం చీర కట్టుకున్నమ్మా, మీరు. "అయితే ఇప్పుడు కొంటే ఏది కొనమంటారు?" అంటున్నారు. అమ్మా, ఇప్పుడు పెద్ద సైజుల్లో 4కె కానిది దొరకడమే కష్టం, కాబట్టి ఆ బెంగ పెట్టుకోకండి. టేపు తీసుకెళ్లండి. ఇంట్లో ఎంత దూరమో ముందే కొలుచుకుని, షాపులో అంత దూరం వెనక్కి నడిచి చూడండి. ఫ్రిజ్‌ల దాకా వెళ్లాల్సొస్తే వెళ్లండి. సొంత పెన్‌డ్రైవ్‌లో మీరు రోజూ చూసే రకం వీడియో ఏదైనా తీసుకెళ్లి పెట్టమనండి. ఇంకోటి, మాటలు వినండి. టీవీలు పలచబడేకొద్దీ స్పీకర్లు కిందకీ వెనక్కీ తిరిగాయి. గొంతు సరిగ్గా వినపడక వాల్యూం పెంచుకుంటూ పోతారు. 8కెకి పెట్టే డబ్బులో పదో వంతు ఒక మంచి స్పీకరుకి పెట్టండి.

అక్కడెవరో, ఆ పెద్దాయన ఏమయ్యాడు అంటున్నారు. చిలకాయనా? చెప్పకుండా తప్పించుకుందామనుకున్నాను. మూడు వారాల తర్వాత ఫోన్ చేశాడు, "ఈ టీవీ నా మాట వినట్లేదయ్యా" అని. వెలుగు ఎక్కువగా ఉందని తగ్గిస్తాడట, కాసేపటికి మళ్లీ అదే పెరిగిపోతుందట. వెళ్లి చూశాను. కొత్త సెట్టు మొదటిసారి ఆన్ చేసినప్పుడు అడుగుతుంది, ఇంట్లో వాడతారా, షాపులో పెడతారా అని. షాపు అని నొక్కితే మనం ఏం మార్చినా కొద్దిసేపటికి మళ్లీ మొదటికి తెచ్చేసుకుంటుంది, వచ్చేపోయేవాళ్లు చెడగొట్టకుండా. ఆ రోజు నేను అలవాటు కొద్దీ షాపు అని నొక్కేశాను. మూడు వారాలు ఆయన ఇంట్లో షాపు నడిచింది. క్షమించమని చెప్పి, ఇల్లు అని మార్చి, రంగులు సరిచేసి, ఫిల్ములా నెమ్మదిగా, కంటికి చల్లగా ఉండేలా పెట్టాను. నాకు చాలా తృప్తిగా అనిపించింది. ఆయన కుర్చీలో కూర్చుని చూశాడు. పెన్‌డ్రైవ్ పెట్టించి చిలకని కూడా చూశాడు.

"ఏదో పోయిందయ్యా, మళ్లీ ఎప్పట్లా పెట్టెయ్యి" అన్నాడు.

పెట్టేసి వచ్చాను.